నేపాళ మాంత్రికుని తరఫున

పోయిన సంవత్సరం వార్షికోత్సవం రాత్రి మా హాస్టల్ వాళ్ళం వేసిన నాటిక కొందరికైనా గుర్తుండే ఉంటుంది. నాటిక గుర్తులేనివాళ్ళకు దూది గడ్డం గుర్తుండి తీరాలి. రెండో రంగంలో అది ఊడిపోయి హార్మోనియం మీద పడింది. అదీ నాటకంలో భాగమే అనుకొని జనం చప్పట్లు కొట్టారు. ‘పాతాళ భైరవి’ కథనే నేపాళ మాంత్రికుని వైపు నుంచి తిప్పి చెప్పాం. రాసిన పాపం నాది.

చప్పట్లకు నేను కొంచెం ఉబ్బిన మాట నిజమే. తెల్లారి మెస్సులో ఉప్మా ప్లేట్ల ముందు ఇద్దరు మిత్రులు చెరొక ప్రశ్న వేసి ఆ ఉబ్బు దించేశారు. ఒకరిది మానుకోట దగ్గర తండా. మాంత్రికుని వేషం కట్టింది అతనే. ఇంకొకరిది భూపాలపల్లి. తండ్రి సింగరేణి కార్మికుడు. ఆ రెండు ప్రశ్నలూ ఏడాదిగా నన్ను వదలలేదు. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ‘యువత - కర్తవ్యం’ లాంటిది రాసి తప్పించుకోవచ్చు గాని, బాకీ ఉన్నది ఈ రెండు ప్రశ్నలకే గనుక వాటి గురించే రాస్తున్నాను.

ముందు సినిమా సంగతి. 1951 మార్చిలో వచ్చింది. విజయా సంస్థ తీసింది, కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచన. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి కొంత, అల్లాఉద్దీన్ అద్భుత దీపంలోంచి కొంత తీసుకొని అల్లిన కథ. తోటరాముడుగా రామారావు, మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు. ఆ గడ్డమూ ఆ గొంతూ చూసి ఏ అరవై ఏళ్ళ మనిషో అనుకుంటాం గాని అప్పటికి రంగారావుకు 33 ఏళ్ళు నిండలేదు. మా తాత జనగామలో నేల టిక్కెట్టు కొని చూసిండట. హీరో గురించి అడిగితే ‘‘బాగనే చేసిండు’’ అంటాడు. మాంత్రికుని సంగతి ఎత్తితే మాత్రం మంచం మీద లేచి కూర్చొని, ‘డింభకా’ అని ఒక్క కేక పెడతాడు. మా ఇంట్లో చిన్నపిల్లలు అన్నం తినేది ఆ కేకకే.

కథ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఉజ్జయిని రాజుగారి తోటలో పనిచేసే తల్లికి కొడుకు రాముడు. రాకుమారి ఇందుమతి మీద మనసు పడతాడు. నాకు సమానమైన ఐశ్వర్యం సంపాదించుకొని వస్తేనే పిల్లనిస్తానంటాడు రాజు. సరిగ్గా ఆ అవసరం దగ్గరే మాంత్రికుడు వల పన్నుతాడు. అతనికి కావలసింది కోరిందల్లా ఇచ్చే పాతాళ భైరవి ప్రతిమ. అది దక్కాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇవ్వాలి. రాముణ్ణి గుహకు తీసుకుపోతాడు. కొలనులో రాముడు చంపిన మొసలి శాపం తీరి స్త్రీగా మారి అసలు గుట్టు చెప్తుంది. రాముడు ఎదురు తిరిగి మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమ సంపాదిస్తాడు. శిష్యుడు సదాజపుడు గురువును మళ్ళీ బతికిస్తాడు. ఆ తర్వాత ప్రతిమను కాజేయించడం, రాకుమారిని ఎత్తుకుపోవడం, ఆమె మెప్పు కోసం గడ్డం గొరిగించుకొని మోసపోవడం, చావు. (సదాజపుని కోణంలో కూడా ఒక నాటిక రాయవచ్చు. ఆ సినిమా మొత్తంలో జీతం బత్తెం లేకుండా చాకిరీ చేసింది అతనొక్కడే.)

మా నాటికలో మాంత్రికుడు చెప్పిన వాంగ్మూలాన్ని కొంచెం దిద్ది ఇక్కడ ఇస్తున్నాను.

‘‘నేను నేపాళం నుంచి వచ్చాను. అదే నా మొదటి నేరం. మీ బజారులో గారడీ చేస్తే నోళ్ళు తెరుచుకొని చూశారు. ఒక్కరైనా అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారా? నీ పేరేమిటి నాయనా అని అడిగారా? సినిమా అంతా అయిపోయింది, నా పేరు మీకు ఇప్పటికీ తెలియదు. నేపాళ మాంత్రికుడు అంటే చాలుననుకున్నారు.

‘‘చలిలో, చీకటిలో ఎన్నేళ్ళు కూర్చున్నానో మీరు లెక్క పెట్టలేదు. విద్య నాది. దారి నాది. పూజ నాది. రాముడు చేసింది ఒక్క పూట పని, ఈదాడు, మొసలిని చంపాడు. ఫలమంతా అతనిది. పొలం దున్నింది ఒకడు, కుప్ప కొట్టుకుపోయింది ఇంకొకడు. ఈ సంగతి మీకు కొత్త కాదనుకుంటాను.

‘‘నరబలి ఇవ్వబోయాను. అవును, ఇవ్వబోయాను. మరి ఇచ్చినవాడి మాటేమిటి? ఆ గుహలో నరబలి జరగనే జరిగింది. తల నాది, కత్తి తోటరాముడిది. అమ్మవారు ప్రత్యక్షమైంది, వరమిచ్చింది. మీరు ఈలలు వేశారు. నేను చేయబోతే పాపమైనది అతను చేస్తే సాహసం ఎట్లా అయింది?

‘‘ఇంకొక్క మాట చెప్పి కత్తికి మెడ వంచుతాను. రాముణ్ణి ఇంట్లోంచి నేను ఎత్తుకురాలేదు. మీ రాజు పంపాడు. తోటమాలి కొడుకును పట్టుకొని నా అంత ధనం తెమ్మన్నాడే, ఏ జీతం మీద తెస్తాడనుకున్నాడు? నా గుహ కాక వాడికి వేరే తోవ ఏదైనా ఉంచాడా? తిరిగి వచ్చి రాత్రికి రాత్రి మేడ లేపితే, ఈ సొమ్మెక్కడిదిరా అని అడిగాడా? పెండ్లికి ముహూర్తం పెట్టించాడు. నేను గడ్డం పెంచాను. ఆయన కిరీటం పెట్టుకున్నాడు.’’

ఈలలు పడింది ఈ చివరి మాటకే. సినిమాను నేను చాలాసార్లు చూశాను. మాంత్రికుని వైపు కూర్చొని చూసేదాకా ఆ రాజు నాకు కనపడనే లేదు. ఆయన మంచి రాజే. ప్రజలను హింసించడు, కూతురంటే ప్రేమ. అయినా కథలో ఒక పిల్లవాణ్ణి చావు నోట్లోకి తోసిన మొదటి చెయ్యి ఆయనదే. ప్రతినాయకుని వైపు నుంచి కథ చెప్పడం వల్ల ప్రయోజనం ఏదైనా ఉంటే ఇదేనని నా అభిప్రాయం. వాడు మంచివాడని తేల్చనక్కర లేదు. వాడు నిలబడ్డ చోటు నుంచి చూస్తే, మనం కూర్చున్న చోటుకు కనపడని ఇంకో మనిషి కనపడాలి.

ఇక మొదటి ప్రశ్న. మాంత్రికుని వేషం వేసిన మిత్రుడు ఉప్మా కెలుకుతూ అడిగాడు: ‘‘అందరం కలిసి పాత్రలు పంచుకున్నం గదా. మాంత్రికుడు అనంగనే అందరు నా దిక్కే ఎందుకు చూసిండ్రు?’’

నీ గొంతు పెద్దది కాబట్టి అన్నాను. అది అబద్ధమని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతని గొంతు మా అందరిలోకి చిన్నది, మైకు పక్కన పెట్టుకొని మాట్లాడించాం. రంగు చూసి, తండా పేరు విని, ఎవరూ ఏమీ అనకుండానే అందరం ఒకే నిర్ణయానికి వచ్చాం. విలన్‌కు న్యాయం చేద్దామని నాటకం మొదలుపెట్టి, మొదటి పని అదే అన్యాయం చేశాం.

ఆలోచిస్తే మన కథలన్నిటికీ ఈ అలవాటు ఉంది. అల్లాఉద్దీన్ కథలో మాంత్రికుడు ఆఫ్రికా నుంచి వస్తాడు. మనవాళ్ళు దాన్ని తెలుగులోకి దింపేటప్పుడు నేపాళం చేశారు. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు ఒక చోట మాయల మరాఠీ, ఇంకో చోట మాయల ఫకీరు. ఆఫ్రికావాడు, నేపాళీ, మరాఠీ, ఫకీరు. మంత్రాలు మన ఊళ్ళో పుట్టినవాడికి రావా? పొరుగు భాషవాడో పొరుగు మతంవాడో అయితే ఇక కారణం చెప్పే పని ఉండదు, చూడగానే జనం నమ్ముతారు. కథలతో పోతే పోనీ అనుకోవచ్చు. కాని తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టమని ఒకటి చేశారు. పుట్టిన తెగను బట్టి మనిషి నేరస్థుడు. మన తెలుగు నేల మీద స్టూవర్టుపురం వెలిసింది ఆ చట్టం నీడలోనే, ఎరుకల కుటుంబాల కోసం. 1952లో, అంటే ‘పాతాళ భైరవి’ వచ్చిన మరుసటి ఏడు, ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చూపు పోలేదనడానికి మా హాస్టల్ పాత్రల పంపకమే సాక్ష్యం.

ఈ మధ్య దొరల దేశంలో కూడా ఇలాంటి సినిమాలు బాగా ఆడుతున్నాయి. నిద్రపోయే రాజకుమారి కథను డిస్నీవారు 1959లో బొమ్మల సినిమాగా తీశారు. శాపం పెట్టిన మంత్రగత్తె వైపు నుంచి మళ్ళీ వాళ్ళే 2014లో ‘మేలెఫిసెంట్’ తీశారు, ఏంజెలినా జోలీ వేసింది. అందులో ఆమె పాపం రెక్కలు కోయించుకున్న అమాయకురాలు. రెక్కలు కోసినవాడు రాకుమారి తండ్రి. బాగుంది. కాని చూస్తూ ఉంటే నాకొక అనుమానం కలిగింది. విలన్ కుర్చీ ఖాళీ కాలేదు, ఆమె లేచింది, రాజు కూర్చున్నాడు. పైగా ఆమె చేతిలోని విషమంతా పిండేసి, చివరకు రాకుమారిని కన్నతల్లిలాగా ముద్దు పెట్టుకొని లేపేటట్టు చేశారు. మంత్రగత్తెను మెచ్చుకోవాలంటే ముందు ఆమెను మంత్రగత్తె కాకుండా చేయాలన్నమాట.

వాళ్ళను అనడమెందుకు, మేమూ అంతే చేశాం. నాటిక మూడో రంగంలో మాంత్రికుడు, ‘‘నిజంగా బలి ఇచ్చేవాణ్ణి కాదు, నీ ధైర్యం పరీక్షించాను’’ అంటాడు. సినిమాలో లేని మాట అది. జనం జాలిపడాలని నేను కలిపాను. జాలిపడ్డారు కూడా.

నిజానికి ఈ విద్య మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. తోటరాముడుగా మాంత్రికుణ్ణి చంపిన రామారావే 1958లో ‘భూకైలాస్’లో రావణుడయ్యాడు, 1961లో ‘సీతారామ కళ్యాణం’లో మళ్ళీ రావణుడయ్యాడు, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు చాలదన్నట్టు దుర్యోధనుడూ తానే అయి, కొండవీటి వెంకటకవి మాటలతో కులం గురించి నిండు సభను నిలదీశాడు. అంతకు ఎంతో ముందు, 1920లోనే, త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ రాసి రామరాజ్యాన్ని కత్తి కింద పడ్డవాడి వైపు నుంచి చూపించాడు.

ఇంకా వెనక్కి పోతే మా ఇలాకాకే వస్తాం. పాలకుర్తి పక్కన బమ్మెర. పోతన్న వామన చరిత్ర చెప్పేటప్పుడు ఎవరి నోట ఎత్తయిన మాటలు పెట్టాడో చూడండి. రాక్షస రాజు బలి నోట. దేవుడు చెయ్యి చాపి కింద నిలబడితే, మోసమని గురువు చెప్పినా వినక ఇచ్చేవాడు రాక్షసుడు. పోతన్న భక్తుడే, దేవుణ్ణి తక్కువ చేయలేదు. అయినా బలిని పురుగులా చూడలేదు. అదే జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె నుంచి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యది చిందు యక్షగానం. మా చిన్నప్పుడు చిందోళ్ళ ఆట వస్తే రాముడి వేషం కోసం ఎవరూ నిద్ర కాచేవాళ్ళు కాదు. రావణుడు తెర వెనక నుంచి గజ్జెలు కొట్టేదాకా మేలుకొని ఉండేవాళ్ళం. ఆ చిందోళ్ళే జాంబపురాణం చెప్తారు. భూమి కంటే ముందు పుట్టినవాడు మా ఆది జాంబవుడు అని. ఊరి చివర ఉంచిన కులం ఊరి పురాణాన్ని తన గుడిసె వాకిట నుంచి చెప్పడం అది.

ఇప్పుడు రెండో ప్రశ్న. భూపాలపల్లి మిత్రుడు తక్కువ మాట్లాడతాడు. పాతాళ భైరవి పేరు వినగానే, ‘‘మా నాయిన రోజు పాతాళానికి దిగి వస్తడు. ఇప్పటిదాంక ఏ భైరవి కనపడలే’’ అన్నాడు. తర్వాత అన్నాడు: ‘‘అంత బాగనే ఉంది గని, మాంత్రికుని దిక్కు నుంచి రాసినోనివి, రేపు విస్నూరు దొర దిక్కు నుంచి గూడ రాస్తవా?’’

నా నోట మాట రాలేదు. విస్నూరు మా ఊరికి దూరం కాదు. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండ్లకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ చావుతో సంగం పోరు సాయుధమై 1951 దాకా సాగింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ చేను మీద, పండిన పంట మీద కన్ను వేసింది కూడా ఆ విస్నూరు గడీయే. మాంత్రికునికి ఒక తరఫు ఉంటే, రాపాక రామచంద్రారెడ్డికీ ఒక తరఫు ఉంటుంది గదా? ఆయనకూ తల్లి ఉంది, ఆయనకూ భయాలుండి ఉంటాయి. మేలెఫిసెంట్‌కు రెక్కలు తెచ్చినట్టు ఎవడైనా రేపు దొరకు ఒక బాల్యం తెచ్చి, బుగ్గ మీద ఒక కన్నీటి బొట్టు పెడితే మనం చప్పట్లు కొడతామా?

ఆ రోజు నేను తడబడ్డాను. ఇప్పుడు ఒకటి చెప్పగలను. దొర వైపు నుంచి చెప్పిన కథ కొత్తగా రాయవలసిన పని లేదు, అది ముందే రాసి ఉంది. పట్వారీ కాగితం ఆయన వైపు నుంచి రాసిందే. పోలీసు పటేలు రిపోర్టు ఆయన వైపు నుంచి రాసిందే. నిజాం కచేరీలో దాఖలైన ఫిర్యాదు ఆయన నోటి మాటే. ఐలమ్మ వైపు నుంచి చెప్పడమే అప్పుడు తిరుగుబాటు. ఆ కథను జనం పాటల్లో, ఒగ్గు డోలు మీద, బుర్రకథల్లో చెప్పుకున్నారు. ఆ పోరాటం 1979లో ‘మా భూమి’ సినిమాగా తెర మీదికి వచ్చింది. మాంత్రికునికి పట్వారీ లేడు, కచేరీ లేదు, చివరికి పేరు కూడా లేదు. ఎవరి వైపు నుంచి చెప్తున్నాం అని అడిగే ముందు, ఆ మనిషికి తన కాలంలో నోరు ఉండెనా లేదా అని అడగాలి.

భూపాలపల్లి మిత్రునికి ఇది పూర్తిగా నచ్చలేదు. ‘‘నోరున్నోడు, నోరు లేనోడు అని గీత గియ్యడం అంత అలక కాదు’’ అన్నాడు. అతని ఇంటి సంగతే చెప్పాడు. తండ్రి దిగే గని పేరు కేటీకే. అంటే కాకతీయ ఖని. పక్కనే చెల్పూరులో కరెంటు కేంద్రం, దానికీ కాకతీయుల పేరే. మా బడి పుస్తకంలో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యాలకు ఎదురు నిలిచి 1323లో ఓడి పట్టుబడ్డ వీరుడు. అదే తండ్రి రెండేళ్ళకోసారి ఇంటిల్లిపాదితో మేడారం పోతాడు. నిలువెత్తు బంగారం అని బెల్లం తూచి మొక్కు తీర్చుకుంటాడు. అక్కడి కథలో అదే ప్రతాపరుద్రుడు కరువు కాలంలో కప్పం కట్టలేదని కోయల మీదికి దండు పంపిన రాజు. పగిడిద్దరాజు పోయాడు, సారలమ్మ పోయింది. జంపన్న సంపెంగ వాగులో పడి చచ్చిపోతే వాగుకే అతని పేరు వచ్చింది. సమ్మక్క చిలకలగుట్ట ఎక్కి కుంకుమ భరిణె అయింది. ‘‘మా నాయిన పొద్దున కాకతీయ బస్సెక్కి డ్యూటీకి పోతడు, జాతరల సమ్మక్కకు దండం పెడతడు. ఎవలు హీరో, ఎవలు విలన్ అని మా ఇంట్ల ఎన్నడు పంచాయితి కాలే’’ అన్నాడు. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలోకి పోయింది గాని, 2019 దాకా భూపాలపల్లిలోదే. ఒకే జిల్లా రెండు కథలనూ మోసింది. కోట్లమంది నడిచిపోయే జాతర అది. రాజు శాసనాలు చెక్కించాడు, వాళ్ళు నడిచారు. ఏ రచయితా వచ్చి కథను తిప్పి రాయవలసిన అవసరం పడలేదు.

అతని మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే మనిషి ఒక గుమ్మం ముందు వీరుడు, ఇంకో గుమ్మం ముందు దండెత్తి వచ్చినవాడు కావచ్చునని మాత్రం ఒప్పుకుంటాను. కొమరయ్య చావును, ఐలమ్మ చేనును మాత్రం ఏ గుమ్మం ముందు నిలబడి చూసినా నేను మెత్తగా చూడలేను. ఇక్కడ నాది పక్షపాతమే అంటే అనండి.

ఈ ఏడు నాటిక తిరగరాశాం. ధైర్యం పరీక్షించాను అనే మాట కొట్టేశాను. మాంత్రికుడు రాముణ్ణి బలి ఇవ్వడానికే తీసుకుపోతాడు. కత్తి నూరుతాడు. తప్పే చేస్తాడు. రాజు పాత్ర పెరిగింది, వరపూజ రంగం కొత్తగా వచ్చింది. పాత్రలు పంచుకునేటప్పుడు తండా మిత్రుడు ముందే లేచి, ‘‘ఈసారి నేను రాజు ఏస్త, కిరీటం నాకు కావాలె’’ అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. అట్ట మీద బంగారు కాగితం అతికించి కిరీటం అతనే చేసుకుంటున్నాడు, కొంచెం వదులైంది. భూపాలపల్లి మిత్రుడు సదాజపుడు. మాంత్రికుణ్ణి నేను. గడ్డానికి ఈసారి గట్టి జిగురు తెప్పించాం.